ఆరు గదులు, అయిదు తూటాలు

ఆ ఎండు కొబ్బరిమట్ట ఇలా మంటలోకి తొయ్యి అబ్బాయ్. ధనుర్మాసపు చలి కాలవగట్టు మీద ఒక పాలు ఎక్కువే. తుపాకుల ముచ్చట అడిగారు గనక చెబుతాను. ముందే ఒక మాట. మా తాత దగ్గర ఆవలించినవాడికి కథ అక్కడితో సరి. నా దగ్గర ఫోను తీసినవాడికి సరి. ఒప్పుకున్నవాళ్ళు కూర్చోండి.

మీకు రివాల్వర్ అంటే సినిమా. హీరో తీస్తాడు, వేలిమీద గిరగిరా తిప్పుతాడు, పాతికసార్లు పేలుస్తాడు. తూటాలు మళ్ళీ నింపగా చూసిన పాపాన పోలేదు నేను. మా రోజుల్లోనూ ఆ పిచ్చికి తక్కువేం లేదు. 1966లో ‘గూఢచారి 116’, 1971లో ‘మోసగాళ్ళకు మోసగాడు’ వచ్చాక బెజవాడ కుర్రాళ్ళు దీపావళి రీళ్ళ తుపాకీని కూడా వేలిమీదే తిప్పేవాళ్ళు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ నవలలు పది పైసల అద్దెకు తెచ్చుకుని దుప్పట్లో దూరి చదివేవాళ్ళు. అయితే అసలు రివాల్వర్‌ని చేత్తో పట్టుకున్నవాళ్ళు ఊరికి ఒకరుంటే గొప్ప.

అలాగని డెల్టాలో తుపాకులే లేవనుకోకండి. పందులు పడే చేలల్లో మూతి నుంచి మందు దట్టించి పేల్చే నాటు తుపాకి ఉండేది. మోతుబరి ఇంటి గోడకి డబుల్ బ్యారెల్ వేలాడేది, దాని పక్కనే పెళ్ళినాటి ఫొటో. శీతాకాలం వస్తే దొరలూ జమీందార్లూ దోనెలు వేసుకుని కొల్లేట్లో బాతుల్ని కొట్టేవారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది, 1999లో కొల్లేరు అభయారణ్యం అయింది. ఇప్పుడు ఆటపాక వెళ్ళి గూడబాతుల్ని కెమెరాతో కొట్టుకోవలసిందే, అదే మేలు కూడాను. కొల్లేటి ముచ్చట ఎత్తానంటే కొర్రమీను పులుసు దాకా పోతాను, తెల్లారిపోతుంది. వెనక్కి వద్దాం.

తెల్లదొర 1878లో ఆయుధాల చట్టం తెచ్చాడు. లిట్టన్ వైస్రాయిగా ఉన్న కాలం. మనవాడు లైసెన్సు లేకుండా తుపాకి ఉంచుకోరాదు, దొరకి మాత్రం ఆ అడ్డు లేదు. కాంగ్రెసు పుట్టిన కొత్తలోనే దీనిమీద తీర్మానాలు చేసింది. స్వరాజ్యం వచ్చాక 1959లో మన చట్టం మనం చేసుకున్నాం, 1962 అక్టోబరు 1 నుంచి అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం పాయింట్ ముప్ఫై రెండు రివాల్వర్ మామూలు మనిషికి లైసెన్సు మీద దొరుకుతుంది. పాయింట్ ముప్ఫై ఎనిమిదీ, తొమ్మిది మిల్లీమీటర్లదీ పోలీసులకూ సైన్యానికే.

ఆత్మరక్షణ అన్న మాట మన జిల్లాలో ప్రతి అరుగు మీదా నలిగింది మాత్రం అంతకు ముందే, 1947, 48లలో. మునగాల పరగణా అప్పట్లో కృష్ణా జిల్లాలోది. చుట్టూ నైజాం రాజ్యం, నడుమ మన ఊళ్ళు. రజాకార్ల భయానికి సరిహద్దు జనం బండ్లు కట్టుకుని బెజవాడ చేరేవారు. కడకు 1948 సెప్టెంబరులో మన సైన్యం అన్ని దిక్కుల నుంచీ నైజాంలోకి కదిలింది. బెజవాడ నుంచి హైదరాబాదు రోడ్డు మీదా ఒక దళం వెళ్ళింది. అయిదు రోజుల్లో వ్యవహారం తేలిపోయింది. ఆ భయం రోజుల్ని గురించి మా నాన్న ఒక్క ముక్క చెప్పేవాడు. “ఇంటికొక కర్ర బయటికి వచ్చిందిరా, కర్ర తిప్పడం వచ్చినవాడు మటుకు వాడకి ఒక్కడే. రాత్రి చీకట్లో ఆ రానివాళ్ళ కర్రలే ఒకరికొకరికి తగిలేవి.” ఈ ముక్క గుర్తు పెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దీని చుట్టూనే తిరుగుతుంది.

నేను చేరిన రైసు మిల్లు బందరు కాలవ గట్టున ఉండేది. ధాన్యం పడవల్లో వచ్చేది. రేవులో దించిన బస్తా మిల్లు గుమ్మం దాకా తేవడానికి హమాలీకి పైసల్లోనే కూలి. హోటల్లో కాఫీ పావలా దాటని రోజులు. 1970 ప్రాంతాల పది గ్రాముల బంగారం నూట ఎనభై, నూట తొంభై రూపాయలంటే మీరు నమ్మరు. మీ అమ్మమ్మ నానుతాడు ఆ ధరకి చేయించిందే. మళ్ళీ పక్కదారి పట్టాను చూశారా. కోతలయ్యాక రైతుకి డబ్బు నోట్లలోనే ఇవ్వాలి. చెక్కు ఇస్తే “ఈ కాగితం ఏ కొట్లో చెల్లుతుందయ్యా” అనేవారు. అందుకని వన్‌టౌన్‌లో బ్యాంకు నుంచి గోనెసంచిలో నోట్లు తెచ్చేవాళ్ళం, పైన రెండు కట్టలు తోటకూర పరిచి. తోటకూర సంచిని అంత జాగ్రత్తగా వాటేసుకుని కూర్చున్న మనిషిని చూసి బస్సులో అందరికీ సంగతి తెలిసిపోయేది, అది వేరే మాట.

ఒక ఏడు ఎవరో మిల్లు మనిషిని దారికాచి కొట్టారని పుకారు పుట్టింది. కంకిపాడు దగ్గర అన్నారు, పామర్రు దగ్గర అన్నారు. ఒకరు చూసింది లేదు. మా షావుకారు గారికి మాత్రం నిద్ర పోయింది. రివాల్వర్ కావాలన్నారు.

అప్పట్లో లైసెన్సంటే ఏమనుకున్నారు! తాలూకా ఆఫీసులో అర్జీ, ఠాణాలో విచారణ, ఆ పైన బందరు కలెక్టరు ఆఫీసు. ఎస్సై గారు ఇంటికి వచ్చిన రోజు గారెలు వండించారు. ఆయన కాఫీ మాత్రం పుచ్చుకుని, ఇంట్లోవాళ్ళని వదిలేసి పక్కింటివాళ్ళని అడిగాడు. “మనిషి తాగుతాడా? పొలం గట్ల తగాదాలున్నాయా? కోపమెక్కువా?” పక్కింటివారితో మా షావుకారుకి గోడ పేచీ ఒకటి నలుగుతోంది. అయినా ఆ ఇంటి పెద్దాయన “కోపం ఉంది, అయిదు నిమిషాలు నిలవదు” అని సాక్ష్యం చెప్పాడు. ఆనాటి మర్యాద అది, పేచీ పేచీయే, మాట మాటే. ఆ తరవాత బందరు బస్సు. కాగితం కోసం వెళ్ళినప్పుడల్లా “రేపు రండి” అనేవారు, వెళ్ళినప్పుడల్లా తొక్కుడు లడ్డు పొట్లంతో తిరిగి వచ్చేవాళ్ళం. లైసెన్సు చేతికి వచ్చేలోపు మిల్లులో అందరూ ఒళ్ళు చేశారు.

లైసెన్సు పుస్తకంలో యజమాని తరఫున ఆయుధం పట్టుకెళ్ళే మనిషి పేరు రాసే గడి ఉంటుంది. రిటైనర్ అంటారు. డబ్బు తెచ్చేవాణ్ణి నేనే గనక ఆ గడిలో నా పేరు ఎక్కింది. అలా అబ్బింది నాకు ఈ విద్య.

వస్తువు వెబ్లీ అండ్ స్కాట్, ఇంగ్లండులో బర్మింగ్‌హామ్ తయారీ. ముప్పావు కిలోకి అటూ ఇటూ బరువు, నల్లటి నీలి మెరుపు. షావుకారు గారు మూడు రోజులు పట్టుబట్టలో చుట్టి బీరువాలో దాచారు. నాలుగోనాడు తోలుతొడుగు నడుముకి కట్టి, పైన పలచటి మల్లు లాల్చీ వేసుకుని, గుడివాడలో బంధువుల పెళ్ళికి బయల్దేరారు. మల్లు లాల్చీ ఎందుకంటే కనపడాలి గదా! పీటల దగ్గర చతికిలబడితే కడుపులో గుచ్చుకుంటోంది, నిలబడితే లాల్చీ ఎత్తిపెడుతోంది. బావమరుదులు “చూపించు బావా” అంటే తీసి ఇచ్చారు. అది తాంబూలం పళ్ళెంలా పందిరంతా చేతులు మారింది. మూలన తమలపాకులు చుడుతున్న ముసలమ్మ గారు చూసి అడిగారు, “ఏం నాయనా, పెళ్ళికొచ్చావా దండయాత్రకొచ్చావా?” పందిరి ఘొల్లుమంది. లైసెన్సు వెనకాల షరతుల్లోనే ఉంది, తిరనాళ్ళకీ ఊరేగింపులకీ జనం గుమికూడే చోట్లకీ ఆయుధం తీసుకుపోకూడదని. బందరు ఎన్నిసార్లు తిరిగామో గానీ ఆ పుట మాత్రం ఎవరూ తిప్పలేదు.

ఇంటికి రాగానే అమ్మగారు, అంటే షావుకారు గారి భార్య, తేల్చి చెప్పేశారు. “దొంగల భయంతో మీకు నిద్ర లేదు. ఇది ఇంట్లోకి వచ్చినప్పటి నుంచి నాకు లేదు. వాడకం తెలిసినవాణ్ణి పిలిపించి నేర్చుకోండి, లేకపోతే కాలవలో గిరాటెయ్యండి.” డబ్బు పోసి కొన్నది కాలవలో పారేసే మనిషా ఆయన! అలా హవల్దారు గారు వచ్చారు.

ఆయనది తాడేపల్లిగూడెం దగ్గర మాధవరం. మిలిటరీ మాధవరం అంటే మీరూ వినే ఉంటారు. రెండు ప్రపంచ యుద్ధాలకీ ఇంటింటి నుంచీ మగవాళ్ళు వెళ్ళిన ఊరు. హవల్దారు గారు బర్మా వైపు ఆయుధాల మరమ్మతు పనిలో ఉండి పెన్షను మీద వచ్చినవాడు. మోకాళ్ళ దాకా పంచె, ఇస్త్రీ చేసిన ఖాకీ చొక్కా, మాట పొదుపు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

“అయ్యగారూ, ఇది నిండుగా ఉందా, ఖాళీగా ఉందా?”

“ఖాళీదేనయ్యా.”

హవల్దారు గారు మిల్లు వెనక ఊక గుట్ట వైపు మూతి పెట్టి, బొటనవేలితో మీట నొక్కి, గొట్టాన్ని కిందికి వంచారు. లోపలి నుంచి నక్షత్రం లాంటి రేకు పైకి లేచి మూడు తూటాలని ఆయన అరచేతిలో పోసింది. మూడూ పేలనివే. పెళ్ళి పందిట్లో చేతులు మారిన రివాల్వర్ అది! షావుకారు గారి మొహంలో నెత్తురు చుక్క లేదు. హవల్దారు గారు గొంతు పెంచలేదు. “ఖాళీ తుపాకి అనేది లోకంలో లేదండి. చేతికి తీసుకున్న ప్రతిసారీ తెరిచి చూడాలి. నేను చూసి మీకిచ్చినా మీరు మళ్ళీ చూడాలి. ఆ పాఠం అయ్యేదాకా రెండో పాఠం లేదు.”

చూడబోతే ఆ పాఠానికే ఒక వారం పట్టింది. మిల్లు వడ్రంగి చేత తుమ్మచెక్కతో అచ్చు తూటాల కొలతకే ఉత్తుత్తి తూటాలు చేయించారు. అసలైనవి బీరువాలో, తాళం అమ్మగారి కొంగున. “కొల్టు దొర 1836లో రివాల్వర్‌కి పేటెంటు పుచ్చుకున్నాడు. అంతకు ముందు ఆయన చెక్క నమూనాయే చెక్కుకున్నాడంటారు. మనకు చెక్క నామోషీ ఏమిటి?” అనేవారు హవల్దారు గారు.

ఇక నింపే పద్ధతి. ఇది కాస్త నిదానంగా వినండి, తొందరపడేవాడికి ఇందులో పని లేదు. కుడిచేతి చూపుడువేలు మీట మీద ఉండకూడదు, మీట చుట్టూ ఉన్న కమ్మీకి బయట చాచి ఉండాలి. బొటనవేలితో పైమీట నొక్కి, కాస్త పక్కకి వంచి, ఒక్క ఊపున తెరవాలి. బెదురుతూ నెమ్మదిగా తెరిచామా, ఖాళీ ఇత్తడి గొట్టం ఒకటి నక్షత్రం కిందికి జారి కూర్చుంటుంది. అప్పుడు అది మూసుకోదు, తెరుచుకోదు, చేతిలో ఇనపముక్క మిగులుతుంది. గొట్టాలన్నీ రాలాక మూతి నేలకి చూపిస్తూ ఎడంచేత్తో తూటాలు వెయ్యాలి. ప్రతి తూటా అంచు గదిమీద సమంగా కూర్చుందా లేదా అని వేలికొసతో తడిమి చూడాలి. ముయ్యడానికి ఎడంచేత్తో గొట్టాన్ని పైకెత్తి, టక్కుమని గడి పడేదాకా ఒత్తాలి. సినిమాలో మణికట్టు విదిలించి మూసినట్టు మూస్తే ఆయనకి ఒళ్ళు మండిపోయేది. “కీలు వదులవుతుందండి. కీలు వదులైతే గదీ గొట్టమూ ఎదురెదురుగా నిలవవు. అప్పుడు శత్రువు అక్కర్లేదు, అదే చాలు.”

ఆరు గదులున్నా ఆయన అయిదే వెయ్యనిచ్చేవారు. సుత్తి కింద గది ఖాళీగా ఉండాలి. పాత రివాల్వర్ సుత్తి మీద దెబ్బ తగిలితే, కిందపడితే, పేలే ప్రమాదం ఉందని పాతకాలం సిపాయిల కట్టుబాటు. షావుకారు గారికి అది మింగుడుపడలేదు. “ఆరింటికి డబ్బిచ్చి అయిదు వాడుకోవడమేమిటయ్యా?” అని లెక్కల మనిషి బాధ. హవల్దారు గారి జవాబు: “ఆరోది మీ కాలికండి, కాలు కావాలంటే ఖాళీగా ఉంచండి.” ఆ మాటతో లెక్క సరిపోయింది.

పేలిన తూటాకీ పేలనిదానికీ తేడా కూడా చూపించారు. ఇత్తడి అడుగున గుండ్రటి బిళ్ళ ఉంటుంది, సుత్తి పడితే దానిమీద చిన్న గుంట పడుతుంది. మన కిర్కీ ఫ్యాక్టరీ తూటా అయితే అడుగున కె.ఎఫ్. అని అక్షరాలుంటాయి. గుంట పడి కూడా పేలకపోతే వెంటనే తెరవకూడదు. మూతి ఊక గుట్ట వైపే ఉంచి నెమ్మదిగా ముప్ఫై లెక్కపెట్టాలి. కొన్ని తూటాలు ఆలస్యంగా పేలతాయి. మన డెల్టా తేమకి ఈ బెడద ఎక్కువ. తోలుతొడుగులో పెట్టి వదిలేస్తే తోలు చెమ్మ పీల్చి ఇనుముకి తుప్పు, ఇత్తడికి పచ్చటి చిలుం. కొబ్బరినూనె రాస్తే జిగురై కూర్చుంటుంది. రంగూన్ ఆయిల్ అని తుపాకుల నూనె వచ్చేది, అది దొరక్కపోతే కుట్టుమిషను నూనె. తుడవడానికి పాత ధోవతి గుడ్డ. పని అయ్యాక సబ్బుతో చేతులు కడగందే మంచినీళ్ళు ముట్టనిచ్చేవారు కాదు. తూటాలో సీసం ఉంటుంది, కడుపులోకి పోకూడదని.

ఇప్పుడు అసలు విశేషం. ఈ విద్య అందరికన్నా ముందు పట్టుబడింది అమ్మగారికి. పాఠం చెబుతుంటే ఆవిడ గుమ్మం దగ్గర బియ్యం ఏరుకుంటూ వినేవారు. ఒకనాడు కళ్ళకి కండువా కట్టుకుని చెక్క తూటాలు నింపమన్నారు హవల్దారు గారు. చీకట్లో చెయ్యాల్సి వస్తే చెయ్యే కళ్ళు కావాలి మరి. షావుకారు గారు మూడు తూటాలు నేలమీద, ఒకటి ఒళ్ళో పోశారు. “ఏదీ, నేను చూస్తాను” అంటూ ఆవిడ చేట పక్కన పెట్టి వచ్చారు. కొంగు కళ్ళకి అడ్డం కట్టుకుని, చూడకుండా మల్లెలు కట్టే వేళ్ళు గదా, ఒకటీ రెండూ మూడూ అని తడుముతూ అయిదూ కూర్చోబెట్టారు. ఆరో గది సుత్తి కిందికి తిప్పి మూసి, మూతి ఊక వైపే ఉంచారు. వేలు కమ్మీకి బయట. హవల్దారు గారు మొదటిసారి కుర్చీలో కూర్చున్నారు. “అయ్యగారూ, తాళం వారి దగ్గరే ఉండనివ్వండి” అన్నారంతే. ఆరునెలలు సాము నేర్చి మూలనున్న ముసలమ్మను కొట్టాడని సామెత. ఇక్కడ ఆ మూలనున్నావిడే సాము నేర్చేసింది!

అసలు తూటాలు కాల్చడానికి మిల్లు వెనక వీల్లేదన్నారాయన. అనుమతి తీసుకుని పోలీసుల ఫైరింగ్ రేంజికి తీసుకెళ్ళారు. మొదటి మోతకే చెవులు గింగుర్లెత్తాయి. పది గజాల దూరంలో మనిషంత అట్టకి గురిపెడితే తూటాలు మట్టికట్టలోకి పోయాయి అందరివీ. సుత్తి వెనక్కి లాగి కాలిస్తే మీట తేలిక. లాగకుండా మీటతోనే కాలిస్తే బరువు ఎక్కువ, చెయ్యి అదురుతుంది. అదురు తగ్గడానికి మళ్ళీ ఇంటికొచ్చి చెక్క తూటాలతో సాధన. షావుకారు గారిలో మార్పు అక్కడే చూశాను నేను. తుపాకి కొన్న కొత్తలో ఆయనకి ప్రతి చప్పుడూ దొంగే. నేర్చుకున్న కొద్దీ మనిషి నెమ్మదించాడు. మల్లు లాల్చీలు మానేసి మళ్ళీ మందపాటి లాల్చీలకి వచ్చారు.

హవల్దారు గారి మాట మీదనే గవర్నరుపేటలో ఒక వకీలు గారి దగ్గరికి కూడా వెళ్ళాం. ఆయన శిక్షాస్మృతి తీసి 96 నుంచి 106 దాకా సెక్షన్లు విడమరిచి చెప్పాడు. ప్రాణం, ఆస్తి కాపాడుకునే హక్కు ప్రతివాడికీ ఉంది. ఆ హక్కుకి కట్ట కూడా ఉంది. తప్పించుకోవడానికి ఎంత అవసరమో అంతే, దానికి మించి హాని చెయ్యరాదు. పోలీసుల్ని పిలిచే వ్యవధి ఉంటే ఆ హక్కు అక్కరకు రాదు. పారిపోతున్నవాడి వీపు మీద కాల్చి ఆత్మరక్షణ అంటే న్యాయస్థానం వినదు. 2024 జులై 1 నుంచి ఆ స్మృతి పోయి భారతీయ న్యాయ సంహిత వచ్చింది. ఆ సెక్షన్లే 34 నుంచి 44 అయ్యాయి. అంకెలు మారాయి గానీ ధర్మం మారలేదు.

ఇంతా నేర్చుకుని వాడారా అని అడగబోతున్నావు, నీ మొహం చూస్తే తెలుస్తోంది. విను. ఒక తుపాను రాత్రి, కరెంటు లేదు. మిల్లు ధాన్యం కొట్లో ఏదో పడిన చప్పుడు. కుక్క గొంతు చించుకుంటోంది. అమ్మగారు తాళం తీశారు, షావుకారు గారు చీకట్లోనే తడిమి అయిదు తూటాలు నింపారు. నేను లాంతరు పట్టుకున్నాను. అమ్మగారు వీధి కిటికీ తెరిచి పక్కింటివాళ్ళని పేరు పెట్టి పిలిచారు. షావుకారు గారు మూతి నేలకి దించి, వేలు కమ్మీకి బయటే ఉంచి, “ఎవరది? పలుకు!” అని కేకేశారు. జవాబు లేదు. మళ్ళీ కేకేశారు. బస్తాల వెనక నుంచి ఒక ఆకారం లేచింది. లాంతరు వెలుగులో ఆయన చెయ్యి చూశాను నేను, వేలు కదల్లేదు. ఆ ఆకారం పడవ మనిషి. గాలికి పడవ మోకు తెగి, ఈదుకుంటూ గట్టెక్కి, చలికి మాట పడిపోయి దూరాడు. వెంట పదేళ్ళ కొడుకు, గోనెపట్టాలో ముడుచుకుని. ఈలోపు పక్కింటి పెద్దాయన, ఆ గోడ పేచీ ఆయనే, బెత్తంతో వచ్చి నిలబడ్డాడు. షావుకారు గారు రివాల్వర్ తెరిచి, తూటాలు తీసి, లెక్కపెట్టి అమ్మగారి చేతిలో పోశారు. అయిదూ ఉన్నాయి. తండ్రీకొడుకులకి వేడి గంజి పోశారు.

పెళ్ళికి మల్లు లాల్చీ వేసుకెళ్ళిన మనిషికి ఆ రాత్రి ఆ రివాల్వర్ దొరికి ఉంటే ఏమయ్యేదో ఆలోచించుకోండి. హవల్దారు గారు నేర్పిన విద్యంతా ఆ ఒక్క వేలులో ఉంది.

ఎన్నికలొచ్చినప్పుడల్లా ఆ రివాల్వర్ ఠాణాలో అప్పగించి రసీదు తెచ్చుకోవలసి వచ్చేది. “కొట్లాటలయ్యేది ఎన్నికలప్పుడేగా, అప్పుడే లాగేసుకుంటారేం?” అని రాజకీయాలు తిరిగే ఆసాములు గొణిగేవారు. తుపాకులన్నీ ఒకచోట తాళంలో ఉన్నన్నాళ్ళూ ఊరు క్షేమమే గదా! మా షావుకారు గారు మాత్రం ఫలితాలొచ్చాక కూడా వారం పదిరోజులు తెచ్చుకునేవారు కాదు.

1988 డిసెంబరు 26న శాసనసభ్యుడు వంగవీటి మోహనరంగా గారిని నిరాహారదీక్ష శిబిరంలో హత్య చేశారు. బెజవాడ మండిపోయింది. అంగళ్ళు, ఇళ్ళు, సినిమాహాళ్ళు తగలబడ్డాయి, కర్ఫ్యూ రోజుల తరబడి నడిచింది. పాలు, కూరగాయల కోసం సడలింపు గంటలో పరుగులు తీశాం. ఆ తరవాత నాకు తెలిసినవాళ్ళలోనే చాలామంది లైసెన్సుల కోసం పడ్డారు. అప్పటికి విదేశీ ఆయుధాల దిగుమతి ఆగిపోయింది, పాత వెబ్లీలకి రెక్కలొచ్చాయి. ఎడ్ల జత ఖరీదు చేసే వస్తువు ఇంటి ఖరీదుకి ఎక్కింది. కొన్నవాళ్ళని అడిగాను, “నింపడం వచ్చా?” అని. “కొట్టువాడు చూపించాడు” అన్నారు. ఇల్లలకగానే పండగ కాదురా అబ్బాయ్. భయపడ్డవాడి చేతికి ఆయుధమిస్తే పిచ్చోడి చేతికి రాయిచ్చినట్టే. వాళ్ళ భయం తగ్గలేదు. బీరువాలో ఒక భయం, వీధిలో ఒక భయం, రెండయ్యాయి.

కాలం మారింది. కాన్పూరు ఫ్యాక్టరీలో మనమే పాయింట్ ముప్ఫై రెండు రివాల్వర్ చేసుకుంటున్నాం. ఢిల్లీలో ఒక అమ్మాయి మీద జరిగిన ఘోరం తరవాత 2014లో ఆడవాళ్ళ కోసమని నిర్భీక్ పేరుతో అరకిలో బరువుది తెచ్చారు, లక్షా ఇరవై వేల పైచిలుకు ధర. 2019లో చట్టం సవరించి మనిషికి రెండు ఆయుధాలే అన్నారు, లైసెన్సు గడువు మూడేళ్ళ నుంచి అయిదేళ్ళకి పెంచారు. పెళ్ళిళ్ళలో సంబరానికి కాల్చి ఎవరి ప్రాణానికైనా ముప్పు తెస్తే రెండేళ్ళ దాకా జైలు. అంతకన్నా నాకు సంతోషమైంది 2016 నియమావళి. ఆయుధం ఎలా పట్టాలి, ఎలా దాచాలి, ఎలా కాల్చాలి, ఎలా శుభ్రం చెయ్యాలి అన్న శిక్షణ పొందిన పత్రం ఉంటేనే లైసెన్సు. హవల్దారు గారు ఊక గుట్ట ముందు నిలబడి చెప్పిందే రాజపత్రంలో అచ్చయింది.

చేపల చెరువు డబ్బు రాత్రిళ్ళు తెస్తున్నాను, నాకూ ఒకటుంటే బాగుంటుందని నువ్వు మీ నాన్నతో అంటున్నావని విన్నాను. నేను వద్దనను. బెజవాడలో అయితే పోలీసు కమిషనర్ గారికి అర్జీ, ఊళ్ళో అయితే కలెక్టరు గారికి. ఆ ఖాళీలు పూరించడం పది నిమిషాల పని. దానికి ముందు శిక్షణకి వెళ్ళు. తెరవడం, ఖాళీ చెయ్యడం, నింపడం, వేలు బయట ఉంచడం చేతికి పట్టేదాకా చెయ్యి. సెక్షన్లు చదువు. లైసెన్సు వెనక పుట తిప్పు. అదంతా అయ్యాక కూడా కావాలనిపిస్తే నేనే వచ్చి నీ అర్జీ మీద సాక్షి సంతకం పెడతాను. చాలామందికి అప్పటికి కోరిక తగ్గుతుంది, తగ్గనివాడికి అప్పటికి చెయ్యి కుదురుకుంటుంది. రెండింట్లో ఏది జరిగినా ఇంట్లోవాళ్ళు హాయిగా నిద్రపోతారు.